పొందూరు వడుకువారికి ఎట్టి పత్తి కావలెను?

శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు సన్న ఖద్దరునకు పేరు మోసిన ఊరు. పొందూరు పంచె కట్టినవారిని మీరు చూచియే యుందురు. మీలో కొందరు పెండ్లికో పండుగకో కట్టియు యుందురు. కాని ఆ పంచె ఏ చేనిలో పుట్టినదని అడిగినచో చెప్పగలవారు అరుదు. మిల్లు పంచెకు చేను తెలియనక్కరలేదు. ఎక్కడి పత్తియైనను బేళ్ళు కట్టి యంత్రములో వేయుదురు. పొందూరు పంచె సంగతి అట్లు కాదు. దానికి తగిన పత్తిని ఆ ప్రాంతపు రైతు పండించిననే వడుకువారి రాట్నము తిరుగును. అట్టి పత్తి వేయు రైతులు తగ్గిపోయినారు. కావున ఈ వ్యాసములో బట్టను గూర్చి కొంతయే చెప్పి, వడుకువారు రైతు నుండి ఏమి కోరుచున్నారో, ఎందుకు కోరుచున్నారో వివరింపదలచితిని.

సంఘము, దాని పని

పొందూరులో వడుకుట, నేయుట తరతరములుగా వచ్చిన వృత్తులు. స్వాతంత్ర్యోద్యమ కాలములో గాంధీజీ ఈ ఊరి ఖద్దరు సంగతి విని, తన కుమారుడు దేవదాసు గాంధీని పంపి ఇచ్చటి పనిని పరిశీలింపజేసిరి. 1949లో వడుకువారి, నేతగాండ్ర మేలు కొరకు ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము ఏర్పడినది. వడుకువారి నుండి నూలు చిలపలు తీసికొని సన్నదనమును బట్టి మజూరీ కట్టుట, ఆ నూలును నేతగాండ్రకు ఇచ్చి పంచెలు, చీరెలు, చొక్కా గుడ్డ నేయించుట, నేసిన బట్టను ఖాదీ భండారములో అమ్ముట సంఘము పని. వడుకువారిలో దాదాపు అందరును స్త్రీలే. వారిలో పెక్కుమంది వయసు మళ్ళినవారు. ఇంటిపని ముగించుకొని వసారాలోనో నడవలోనో రాట్నము ముందు కూర్చుందురు.

ఇక్కడ ఒక మాట స్పష్టము చేయవలెను. చేనేత బట్ట యంతయు ఖద్దరు కాదు. మిల్లు నూలుతో మగ్గముపై నేసినది చేనేత బట్ట. చేతితో వడికిన నూలును చేమగ్గముపై నేసిననే ఖద్దరు. 1956 నాటి ఖాదీ గ్రామోద్యోగముల కమిషను చట్టము చెప్పునదియు ఇదే. అయితే నేడు దేశములో తయారగు ఖద్దరులో చాల భాగమునకు దూది దూరము నుండి వచ్చును. బేళ్ళ పత్తిని ఖాదీ కమిషను వారి ఏకుల కర్మాగారములలో యంత్రములపై ఏకి, సిద్ధమైన ఏకులను ఊరూరి సంఘములకు పంపుదురు. అచట పెక్కు కదుళ్ళు గల అంబర్ చరఖాపై వాటిని వడుకుదురు. ఇందులో తప్పేమియు లేదు. పెక్కుమందికి పని దొరకుచున్నది. పొందూరు సన్న నూలు మాత్రము గింజతో నున్న పత్తి దశ మొదలు చేతి పనియే. ఒంటి కదురు రాట్నముపైననే దానిని తీయుదురు. అందుచేత ఈ వడుకువారికి మీ చేనితో నేరుగా సంబంధము కలదు. మీరు చేయు పొరపాటును సరిదిద్దు యంత్రమేదియు నడుమ లేదు.

నంబరు అనగా ఏమి?

నూలు సన్నదనమును నంబరుతో చెప్పుదురు. 840 గజముల పొడవు గల చిలపలు ఒక పౌనుకు ఎన్ని తూగునో అది ఆ నూలు నంబరు. 20 చిలపలు తూగిన 20వ నంబరు. 100 తూగిన 100వ నంబరు. నంబరు పెరిగిన కొలది నూలు సన్నమగును. 100వ నంబరు నూలు ఒక కిలో తీసికొని పొడవుగా సాగదీసినచో సుమారు 169 కిలోమీటర్లు వచ్చును. శ్రీకాకుళంలో కొన కట్టి బయలుదేరినచో విశాఖపట్నం మీదుగా అనకాపల్లి దాటిపోవచ్చును. పొందూరులో చేయి తిరిగిన స్త్రీలు 100 నుండి 120 నంబరు నూలు తీయుదురు.

మిల్లువారు ఇంత సన్నని నూలు తీయవలెననిన సువిన్ వంటి మిక్కిలి పొడుగు పింజ పత్తిని ఎన్నుకొందురు. పొందూరు పత్తి అట్టిది కాదు. అది దేశవాళీ జాతి, పింజ పొట్టి. పొట్టి పింజ పత్తి మిల్లులో ముతక నూలునకే పనికివచ్చునని మేము తరగతిలో చెప్పుదుము. పొందూరు చూచి వచ్చిన తరువాత "మిల్లులో" అను మాటను నొక్కి పలుకుట నాకు అలవాటైనది.

ఇది ఎట్లు సాధ్యమగుచున్నది? నూలుకు బలము పోగులు ఒకదానినొకటి పట్టుకొనుట వలన కలుగును. పింజ పొట్టిదైన పట్టు తక్కువ. కావున మెలి ఎక్కువ వేయవలెను, పోగులన్నియు ఒకే దిశగా పడుకొనియుండవలెను. జిన్నింగు మిల్లులో దూది యంత్రపు దెబ్బకు చిక్కుపడును. తరువాత దానిని బేలుగా అదిమి కట్టుదురు. నూలు మిల్లులో మరల బేలు విప్పి, బాది, విడదీయవలెను. ఈ బాదుటలో పోగులు కొన్ని తెగును. పింజ పొడుగైనచో ఆ నష్టమునకు తట్టుకొనును, పొట్టిదైన తట్టుకొనలేదు. పొందూరులో పత్తిని ఎచ్చటను అదుమరు, బాదరు. పోగు గింజ మీద ఉండగనే దువ్వి చక్క చేయుదురు. వడుకునపుడు నూలు ఎచ్చట పలచనగుచున్నదో స్త్రీ వ్రేళ్ళకు తెలియును. తెగకముందే దూది అందించును.

వాలుగ దవడ

గింజ మీది పోగును దువ్వుటకు వీరు వాడు దువ్వెన మరియెక్కడను కానరాదు. అది వాలుగ చేప దవడ. వాలుగ నోటిలో సన్నని, వాడియైన పండ్లు దట్టముగా వరుసలు తీరియుండును. ఆ దవడ ఎముకను ఎండబెట్టి, చిన్న పుల్లకు కట్టి, పిడిగా పట్టుకొందురు. ఈ దవడలను గోదావరి తీరమునగల రాజమహేంద్రవరం వైపు నుండి తెప్పించుకొందురు. ఒక్కొక్క గింజను ఎడమచేతి వ్రేళ్ళ నడుమ పట్టుకొని, దాని చుట్టు ఉన్న పోగులను ఈ పండ్లతో మెల్లగా దువ్వుదురు. పొట్టు, దుమ్ము, ముదరని పోగు, చిక్కు, అన్నియు పండ్లకు తగులుకొని వచ్చును. మిగిలిన పోగులు గింజ చుట్టు జుట్టువలె సాఫీగా నిలుచును. ఇనుప దువ్వెన ఈ పని చేయలేదా యని మా విద్యార్థులు అడుగుచుందురు. ఇనుము పోగును తెంచును. చేప పన్ను నున్నన, కొంచెము వంపు; పోగు జారిపోవును, చెత్త చిక్కుకొనును.

దువ్విన తరువాత గింజను చిన్న చెక్కపై నుంచి, సన్నని ఇనుప కడ్డీతో దొర్లించుదురు. గింజ ఒకవైపు జారిపడును, దూది మరొకవైపు మిగులును. ఆ దూదిని చిన్న వింటితో ఏకి, నురుగువలె పొంగజేసి, ఏకులుగా చుట్టుదురు. ఏకులు నలిగిపోకుండ, దుమ్ము పట్టకుండ ఎండిన అరటి పట్టలో నుంచుకొని వడుకుదురు. ఆపై పడుగు చేయుట, గంజి పెట్టుట, నేయుట ఇతర మగ్గముల పనివంటివే. పడుగు తెగకుండ నేతగాడు ఎంత ఓపిక పట్టవలెనో మీరే ఊహింపవచ్చును.

మూడేండ్ల క్రిందట విద్యార్థులను వెంటబెట్టుకొని పొందూరు పోయినపుడు, మా క్షేత్రములో పండిన దేశవాళీ పత్తిని ఒక సంచిలో తీసికొని పోతిని. రకము మంచిది, పైరు ఏపుగా పెరిగినది. వడుకువారు మెచ్చుకొందురనియే నా తలపు. ఒక ముసలామె గుప్పెడు తీసి, అరచేతిలో పరచి, వెలుతురుకు పెట్టి చూచి, తిరిగి సంచిలోనే వేసినది. "ఎవులు ఏరినారు బాబూ ఈ పత్తి?" అని అడిగినది. కూలివారు ఏరినారని చెప్పితిని. "ఎండెక్కినాక ఏరినారు. ఈ ఆకు పొట్టు నా వాలుగ పల్లకి సిక్కదు" అన్నది. క్షేత్రమునకు తిరిగి వచ్చి విచారించితిని. కూలివారు ఆ దినము పది గంటల తరువాతనే చేనిలో దిగినారు. తీత పనిని దగ్గరుండి చూడవలసినవాడను నేనే. ఆ దినము పోలేదు. ఆమె రెక్కల కష్టమునకు తగని పత్తిని తీసికొనిపోయి మెప్పు కోరినందులకు నాకు సిగ్గు కలిగినది.

పత్తి తీత

ఆమె చెప్పినదానిలో శాస్త్రము కలదు. పత్తికాయ అడుగున మూడు ఆకు తొడుగులుండును. కాయ విచ్చునాటికి అవి ఎండిపోవును. ఉదయము మంచు తేమకు అవి మెత్తబడియుండును కనుక కాయ నుండి పత్తి లాగినను విరుగవు. ఎండ ఎక్కిన తరువాత పెళుసెక్కి, చేయి తగిలినంతనే పొడియై పత్తిలో కలిసిపోవును. పెద్ద ఆకు ముక్కను చేతితో ఏరివేయవచ్చును. నలిగిన పొడిని ఏరుట ఎవరి తరము కాదు. కావున తీత ఉదయముననే ప్రారంభించి, పది, పదకొండు గంటలకు ముగింపవలెను. తడి యున్నచో తీసిన పత్తిని నీడలో పలుచగా ఆరబోయవలెను. ఎర్రటెండలో పోసిన పోగు పెళుసగును. ఆరినదీ లేనిదీ తెలిసికొనుటకు గింజను పంటితో కొరికి చూడుడు. పటుక్కుమని విరిగినచో ఆరినట్లు. మెత్తగా నలిగినచో ఇంకను ఆరవలెను.

దేశవాళీ పత్తికి మరియొక గుణము కలదు. కాయ విచ్చగనే పత్తి జారి వ్రేలాడును. ఆలస్యము చేసిన నేలపాలగును. సంకర పత్తివలె పదిహేను, ఇరువది దినములు చెట్టుపైననే నిలువ ఉంచరాదు. వారమునకొకమారు తీయవలెను. నేలరాలినదానిని, వాన తగిలినదానిని, పురుగు తొలిచి పసుపుబారినదానిని వేరుగా ఉంచుడు. వీటిని దిండ్లకు, వత్తులకు అమ్ముకొనవచ్చును. మంచి పత్తిలో కలిపినచో మొత్తము చెడును. మొదటి తీత, నడిమి తీతలు వడుకుటకు మేలు. చివరి తీతలో ముదరని కాయలు ఎక్కువగుట వలన పోగు బలహీనముగా నుండును. దువ్వునపుడు అది ఉండలు కట్టును.

ప్లాస్టికు గోతములను మాత్రము చేనిలోనికి రానీయకుడు. వాటి దారపు పోగులు పత్తిలో కలిసినచో కంటికి ఆనవు. నూలులోనికి పోవును, బట్టలో రంగు పట్టక తెల్లని గీతగా మిగులును. పాత పంచె గుడ్డతో కుట్టిన సంచి చాలును. తీయువారు తలకు గుడ్డ కట్టుకొనుట మంచిది. తలవెండ్రుక చిన్న వస్తువే కాని, 100వ నంబరు నూలు ముందు అది మోకువంటిది.

ఎందుకు మానినారు?

రైతులు ఈ పత్తిని ఊరక మానలేదు. స్వాతంత్ర్యము వచ్చునాటికి దేశములో పండు పత్తిలో అత్యధిక భాగము దేశవాళీయే. 1970లో సూరతులో హెచ్-4 అను సంకర రకము వెలువడినది. 2002లో బి.టి. పత్తికి అనుమతి లభించినది. మిల్లులు పొడుగు పింజను కోరినవి, రైతు దిగుబడిని కోరినాడు. రెండును సంకర పత్తిలో దొరకినవి. నీరు, ఎరువు గల నల్లరేగడిలో దేశవాళీ పత్తి దిగుబడి సంకర పత్తికి సాటిరాదు. అట్టి భూమిలో దీనిని వేయుమని చెప్పుట నా ఉద్దేశము కాదు. మద్దతు ధరను కూడ మధ్యరకపు, పొడుగు పింజ పత్తులకే ప్రధానముగా ప్రకటింతురు. పొట్టి పింజకు బజారులో దళారి ఇచ్చు ధర తక్కువ.

అయినను ఈ పైరుకు తగిన తావు ఇప్పటికిని కలదు. వర్షాధారపు మెరక, గులక నేల, కొండవాలు, సంకర పత్తికి పెట్టిన ఎరువు, మందుల ఖర్చు తిరిగిరాని భూమి. ఇట్టిచోట దేశవాళీ పత్తి నిలుచును. దీని తల్లివేరు లోతునకు పోవును. పచ్చదోమ మొదలగు రసము పీల్చు పురుగులకు ఇది తట్టుకొనును. ఉత్తర దేశములో సంకర పత్తిని నాశనము చేసిన ఆకుముడత వైరసు దీనికి సోకదు. ఖర్చు తక్కువ, నష్టభయము తక్కువ. రాబడియు తక్కువయే. ఆ రాబడి మీకు గిట్టవలెననిన ధర బజారు ధరగా గాక వడుకు ధరగా నుండవలెను. కావున విత్తకముందే సంఘముతో గాని, పత్తి కొను వడుకువారితో గాని మాట్లాడుకొని, ఎంత పత్తి, ఏ ధర యను సంగతి కాగితముపై వ్రాసికొనుడు. ఒక్క కొనుగోలుదారును నమ్మి పైరు వేయుటలో ప్రమాదము కలదు. అందుచేత మొదటి ఏడు అర ఎకరమునకు మించి వేయవద్దని నా సలహా.

సాగు

ఈ ప్రాంతమున వాడుకలో నున్నవి మూడు. మైదానములో తొలి వానలకు వేయు పునాస పత్తి. కొండవాలున ఇతర పైరులతో కలిపి వేయు కొండపత్తి. సహజముగనే లేత ఎరుపు గోధుమ ఛాయ గల ఎర్రపత్తి. ఎర్రపత్తి బట్టకు అద్దకము అక్కరలేదు. సన్న నూలుకు మొదటి రెండింటిలో ఏది అనుకూలమో మీ ఊరికి దగ్గరి వడుకువారినే అడుగుట మేలు.

తొలకరికి దుక్కి చేసి, సాలుకు సాలు 60 సెంటీమీటర్లు, మొక్కకు మొక్క 30 సెంటీమీటర్లు ఉండునట్లు విత్తవలెను. నేల బలమైనదైన కొంచెము ఎడముగా వేయుడు. కంది, జొన్న సాళ్ళను నడుమ వేసికొనవచ్చును. పశువుల ఎరువు చాలినంత వేసినచో నత్రజని అధికముగా అక్కరలేదు. ఎక్కువైన మొక్క కొమ్మకే పెరుగును. చివరి దశలో ఆకుల అడుగున తెల్లని బూజు మచ్చలు పుట్టు తెగులు దేశవాళీ పత్తికి సాధారణము. మొదట కనబడినపుడే లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున నీటిలో కరుగు గంధకమును కలిపి ఆకు అడుగు తడియునట్లు చల్లుడు. గులాబిరంగు పురుగు దీనిని కూడ విడువదు. ఎకరమునకు 4 లింగాకర్షక బుట్టలు పెట్టి కనిపెట్టుచుండవలెను. తీతలు ముగియగనే మోళ్ళను పీకివేయవలెను.

విత్తనము

సంకర పత్తి విత్తనము ఏటేట కొనవలెను. దేశవాళీ పత్తి విత్తనమును మీరే నిలువచేసికొనవచ్చును. ప్రక్క చేనిలో బి.టి. పత్తి యున్నను పుప్పొడి వలన దీనికి కలుషము కలుగునను భయము అక్కరలేదు. దేశవాళీ పత్తి కణములో 26 క్రోమోజోములుండగా, అమెరికా జాతివియైన సంకర పత్తులలో 52 ఉండును. ఈ రెండింటికి సహజముగా సంకరము కుదరదు. కాని తెల్లపత్తి, ఎర్రపత్తి రెండును దేశవాళీలే. వీటికి తేనెటీగల ద్వారా సంకరము కలుగును. విత్తనము కొరకు పెంచు మడులను ఒకదానికొకటి 50 మీటర్ల ఎడముగా నుంచుడు.

అసలు బెడద జిన్నింగు మిల్లులో కలుగును. పది ఊళ్ళ పత్తి ఒకే యంత్రములో పడును; ఎవరి గింజ ఏదో తెలియదు, కొన్ని గింజలు పగులును. వడుకువారి ఇంట ఈ రెండు చిక్కులును లేవు. ఆమె ప్రతి గింజను చేతితో పట్టుకొని, దువ్వి, కడ్డీతో తీయును. ముదరని గింజ, పుచ్చు గింజ అక్కడనే బయటపడును. గింజ పగులదు. తూకమున గింజపత్తిలో మూడింట రెండు వంతులు గింజయే. కావున పత్తి బేరమాడునపుడే గింజలో కొంత భాగము మీకు తిరిగి ఇచ్చునట్లు ఒప్పందము చేసికొనుడు. ఆ గింజను బూడిద కలిపి కుండలో నిలువచేసి, విత్తుటకు ముందు ఎర్రమన్ను నీటిలో తడిపి గోనెపట్టపై రుద్దుడు. నూగు అణగి గింజలు విడివడును. పిమ్మట నీటిలో వేసి, తేలిన తాలు గింజలను తీసివేయవలెను.

మొదటి తీత అయిన దినముననే గుప్పెడు పత్తిని గుడ్డలో కట్టి వడుకువారికి చూపి రండు. రెండవ తీతకు ఇంకను వారము వ్యవధి యుండును. వారు చెప్పిన దోషమును ఆ తీత నుండియే సవరించుకొనవచ్చును.